కొంగలు ఓడిన ఏడాది

దాసుకి ఒకటే జబ్బు. ఎవరు ఏ తప్పు చేసినా, వాళ్ళు నోరు తెరిచేలోపే వాళ్ళ తరఫున తనే ఒక సాకు చెప్పేస్తాడు. ఆ సాకు కూడా ఎప్పుడూ ఒకటే. "కోచ్ కొత్తోడు లా. కుదురుకోనియ్యండి."

పోర్ట్ క్లాంగ్‌లో ఈ మాట తెలియని లారీ డ్రైవర్ లేడు. ఆ రేవు ఊళ్ళో మాట చివర 'లా' తగిలించనివాడూ లేడు. కొత్తగా వచ్చిన మంగలి చెవి మీద కత్తి గీరితే, రక్తం తుడుచుకుంటూ "కోచ్ కొత్తోడు లా" అన్నాడు. ఒక డ్రైవర్ లారీని వెనక్కి తీస్తూ గోదాము గోడ ఒక మూలంతా పడగొట్టాడు. ఆ ఇటుకల మధ్య నిలబడి గోదాము యజమానికి కూడా అదే చెప్పాడు. యజమాని ఏమన్నాడో రాస్తే బాగుండదు.

ఇంట్లో అయినా అంతే. ఒకరోజు భార్య సుగంధి అన్నం మాడ్చింది.

"పోన్లే, కోచ్ కొత్తోడు లా."

"ఏటీ? పెళ్ళై ఇన్నేళ్ళైనాది. నేనింకా కొత్తదాన్నా?"

"నిన్ను కాదే, కుక్కర్ని అన్నాను."

ఆ రోజు ఆయన మాడన్నమే మారు అడిగి తిన్నాడు.

ఈ మాట ఎక్కడ పుట్టిందంటే, ఆంథోనీ దుకాణంలో. రైలు స్టేషన్‌కి కాస్త అవతల, లారీలు వరసగా ఆగేచోట, ఆంథోనీ, ఆయన భార్య విక్టోరియా కలిసి దోసెల దుకాణం నడిపేవారు. ఆంథోనీకి అమెరికా ఫుట్‌బాల్ పిచ్చి. మనం కాలితో తన్నే ఆట కాదది. గుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, మిగతావాళ్ళు లారీలోంచి మూటలు జారినట్టు వాడి మీద పడతారు. ఎప్పుడో ఒక ఓడ వంటవాడు ఆంథోనీ దోసె తిని, సంతోషం పట్టలేక తన నెత్తిమీద టోపీ తీసి ఇచ్చేశాడు. దాని మీద ఒక కొంగ బొమ్మ. హెరన్స్, అంటే కొంగలు, అనే జట్టుది. సుంగై సుమున్ ఎస్టేట్‌లో కాలవ గట్టు మీద కొంగల్ని తరుముతూ పెరిగిన మనిషి ఆంథోనీ. ఆ బొమ్మ చూశాడో లేదో, ఆ జట్టుకి మనసిచ్చేశాడు.

అక్కడ ఆదివారం సాయంత్రం మ్యాచ్ అంటే ఇక్కడ సోమవారం తెల్లారి. దుకాణం తెరవడం, టీవీ పెట్టడం ఒకేసారి జరిగేవి. ఆంథోనీ ఒక చేత్తో దోసె తిప్పుతూ, రెండో చేత్తో చట్నీ గిన్నెలు బల్ల మీద వరసగా పేర్చి విక్టోరియాకి ఆట చెప్పేవాడు. "ఇదిగో విక్కీ, ఈ గిన్నె మన క్వార్టర్‌బ్యాక్. బంతి ఇసిరేవోడు. నాలుగు సార్లలో పది గజాలు ముందుకెళ్ళాల. లేదంటే బంతి ఆళ్ళదే." చెప్పి చెప్పి ఆమెకి ఆట అంతా వచ్చేసింది. దోసెలు మాత్రం మాడేవి.

ఆంథోనీ పోయిన ఏడాదే కొంగల జట్టు కూడా చెల్లాచెదురైంది. చాలా ఏళ్ళుగా ఉన్న కోచ్ వెళ్ళిపోయాడు. బంతి విసిరే పెద్ద ఆటగాడు ఆట మానేశాడు. కొత్త కోచ్, మీసాలైనా రాని కొత్త క్వార్టర్‌బ్యాక్. ఓడిపోవడం మొదలుపెట్టారు, ఇక ఆపలేదు.

విక్టోరియా పరిస్థితీ అంతే. పిండి రుబ్బడం, సాంబారు పెట్టడం ఎప్పుడూ ఆంథోనీ పనే. ఆమెది చట్నీ, కాఫీ, గల్లాపెట్టె. ఇప్పుడు ఆమె సాంబారు పెడితే ఒకరోజు సముద్రం, ఒకరోజు వాన నీళ్ళు. డ్రైవర్లు మర్యాదగా రెండు ముద్దలు తిని, మర్యాదగా పక్క వీధిలోని దుకాణానికి మారిపోయారు.

అంత్యక్రియలయ్యాక మొదటి సోమవారం ఆమె దుకాణం తెరిచింది. టీవీ పెట్టలేదు. ఎవరూ రాలేదు. నల్లటి టీవీ అద్దంలో తన మొహమే కనిపిస్తుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు లోపలికొచ్చినవాడు దాసు. కంటైనర్ లారీలకి ఏ ట్రిప్ ఎవరిదో పంచే పని ఆయనది.

"ఏటి వదినా, ఈరోజు మన కొంగలకి మ్యాచ్ లేదా?"

"ఉంటాది. నీకెప్పుడొచ్చినాది ఈ పిచ్చి?"

"ఎప్పట్నించో! అన్నతో సూసీవోడిని గదా," అంటూ టీవీ పెట్టాడు. దోసె తెప్పించుకుని సాంబారు నోట్లో పోసుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళ గ్లాసు ఎత్తినవాడు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"ఉప్పెక్కువైనాదా?"

"కోచ్ కొత్తోడు లా," అన్నాడు టీవీకేసి చేయి చూపిస్తూ.

అలా మొదలైంది. ఆ తర్వాత ప్రతి సోమవారం ఆ దుకాణంలో గోలే గోల. దాసు బల్లలు గుద్దేవాడు. డ్రైవర్లని కదలనిచ్చేవాడు కాదు. "చివరి విజిల్ దాకా ఎవుడూ లేవకూడదు! ఆళ్ళు ఆడతా ఉంటే మనం లేచిపోతే సిగ్గు కాదేటి?" అనేవాడు. కూర్చున్నవాళ్ళకి ఆకలి వేసేది. ఆకలేస్తే ఆ సాంబారే తినాల్సి వచ్చేది.

విక్టోరియా మాత్రం టీవీ వైపు చూసేది కాదు. వంటగది కర్టెన్ వెనక, పొయ్యి మీది ఫ్యాన్ హోరులో, దాసు కేకలు మాత్రమే వినేది. ఆ కేక వినగానే పక్కకి తిరిగి "ఏటైనాది?" అని అడగబోయేది. పక్కన ఆంథోనీ ఉండేవాడు కాదు, రుబ్బురాయి ఉండేది. మ్యాచ్ అయ్యాక దాసే లోపలికి తల పెట్టి చెప్పేవాడు. "ఓడినాం వదినా. ఐనా పర్లేదు." ఒక్కోసారి మాత్రం మొహం వెలిగిపోయి, "గెలిసినాం!" అనేవాడు. ఆరోజు ఆమె ఆంథోనీ ఫోటో ముందు నిలబడి మెల్లగా చెప్పేది, "గెలిసినారంట."

ఎక్కడో దూరాన సుంగై సిపుట్‌లో ఉన్న చెల్లెలు మాటిమాటికీ ఫోన్ చేసి వచ్చేయమనేది. చివరికి విక్టోరియా సరేనంది. సీజన్‌లో ఆఖరి మ్యాచ్‌కి ముందు దాసుకి చెప్పింది.

"వచ్చే సోమవారంతో ఆపీసేత్తన్నాను దాసూ. తాళం ఇచ్చేసి చెల్లి కాడికి ఎల్లిపోతాను."

దాసు చేతిలో దోసె ముక్క చేతిలోనే ఉండిపోయింది. "ఇంకో మ్యాచ్ ఉంది గదా వదినా. కొంగలింకా ఆడతన్నాయి."

ఆఖరి సోమవారం దుకాణం కిటకిటలాడింది. కూర్చోడానికి చోటు లేక కొందరు తలుపు దగ్గర నిలబడి తిన్నారు. ఇవాళ్టితో అయిపోయింది కదా అని విక్టోరియా పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆంథోనీ కుర్చీలో కూర్చుంది. ఆయన పోయాక మొదటిసారి తలెత్తి ఆట చూసింది.

నీలం చొక్కాల వాడొకడు బంతి పట్టుకుని గీత దాటాడు. దాసు కుర్చీ ఎక్కాడు. "ఓర్నాయనో! అదీ లా! సూసినావా వదినా, మనోడు!"

విక్టోరియా దాసుని చూసింది. టీవీని చూసింది. మళ్ళీ దాసుని చూసింది.

"దాసూ, దిగు."

"ఏటైనాది?"

"నువ్వు ఎవులికోసం అరుత్తన్నావు?"

"మన కొంగలకి. ఆ నీలం చొక్కాలు."

"మనోళ్ళది ఈరోజు తెల్ల చొక్కా. సొంతూరు గ్రౌండ్‌లో అయితే నీలం, పైఊరెల్తే తెలుపు. టోపీల మీద కొంగ కనబళ్ళేదేటి నీకు?"

"నా కళ్ళద్దాలకి అది కొంగో కోడో ఎలా తెలుత్తాది వదినా?"

అందరూ పళ్ళేల్లోకి తలలు దించుకున్నారు. తలుపు దగ్గరున్న డ్రైవర్ పువనేశన్‌కి మాత్రం నవ్వు ఆగలేదు. తమిళుడే గానీ మన వీధుల్లో పెరిగి తెలుగు నేర్చినవాడు. "అక్కా, సీజనంతా ఇంతే! నీలం ఎవడేసుకుంటే వాడే మనోడు."

"మరి గెలిసినామని సెప్పినవి?"

"చాలావరకూ ఓడినవే అక్కా!"

విక్టోరియాకి ఆంథోనీ ఫోటో గుర్తొచ్చింది. పాపం ఆయనకి ఎన్ని అబద్ధాలు చెప్పింది! నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది.

"ఆటే తెల్దు గదా, మరెందుకురా ప్రతి సోమారం నా బల్లలు ఇరగ్గొడతన్నావు?"

దాసు కుర్చీ దిగి, దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. సమాధానం పువనేశన్ దగ్గర నుంచి వచ్చింది. "మిగతా రోజులు దాసన్న ఫోన్లో ట్రిప్ చెప్పేస్తాడు అక్కా. సోమారం మాత్రం ఇక్కడికొస్తేనే చెప్తాడు. అదీ ఆట అయ్యాకే. ఎక్కడ తిన్నా సరే, ఇక్కడ మళ్ళీ తినాల్సిందే. మొదట్లో నీ సాంబారు తినలేక ఏడ్చాం."

"ఇప్పుడు?"

పువనేశన్ తన పళ్ళెం చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు. తుడిచినట్టుంది. పక్కవాడి పళ్ళెమూ అంతే. ఎప్పటినుంచి అలా ఖాళీగా వస్తున్నాయో, గిన్నెలు తోమే విక్టోరియా కూడా గమనించలేదు.

దాసు గొంతు సవరించుకున్నాడు. "ఆ మొదటి సోమారం నువ్వు నల్ల టీవీ సూత్తా కూకున్నావు వదినా. నాకేటి సెప్పాలో తెల్లేదు. అన్న సెప్పీవోడు గదా, కోచ్ మారితే ఒక సీజన్ పోతాదని. అందుకే ఆ మాట నీకు సెప్పినాను. టీవీకి కాదు."

టీవీలో ఆఖరి విజిల్ ఊదారు. కొంగలు ఘోరంగా ఓడిపోయాయి. తెల్ల చొక్కాల కుర్ర క్వార్టర్‌బ్యాక్ బురదలో కూర్చుని ఉంటే, కొత్త కోచ్ వచ్చి చేయి ఇచ్చి లేపాడు. ఆంథోనీ ఉంటే ఇప్పుడు ఏమనేవాడో విక్టోరియాకి బాగా తెలుసు. ఆ మాట ఆయన నోట ఒక్కసారి వినాలనిపించింది.

లేచింది. మేకుకి వేలాడుతున్న కొంగ టోపీ తీసి దులిపి దాసు నెత్తిన పెట్టింది. అది పట్టలేదు. కొబ్బరికాయ మీద కాఫీ గిన్నె బోర్లించినట్టుంది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది. "నేను రావట్లేదే. ఇంకో సీజన్ సూత్తాను," అని పెట్టేసింది.

"ఇప్పుడు ఇలా కూకో," అంది దాసుతో. చట్నీ గిన్నెలు బల్ల మీద వరసగా పేర్చింది. "ఇది క్వార్టర్‌బ్యాక్. బంతి ఇసిరేవోడు. మరి పది గజాలు ఎల్లడానికి ఎన్నిసార్లు?"

దాసు టోపీ సర్దుకుని, గిన్నెలకేసి తీక్షణంగా చూసి, ఎంతో ఆలోచించి, "చట్నీ అయిపోయేదాకానా?" అన్నాడు.

డ్రైవర్లందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. విక్టోరియా చేయెత్తి వాళ్ళని ఆపింది.

"నవ్వకండి. పిలగోడు కొత్తోడు లా. కుదురుకోనియ్యండి."