పది వేళ్లకూ ఒకేసారి పని

బేస్తవారిపేట నుంచి కోడలిగా మార్కాపురం వచ్చాక, ఫోన్‌లో చూసి కాగితం మడతల కళ మొదలుపెట్టాను. ఒకే కాగితాన్ని కత్తిరించకుండా మడిచి, దాని నిండా పూలు వరుసగా వచ్చేలా చెయ్యాలి. చేతిలో ఉండేది గీతల పటం ఒక్కటే. ఎర్ర గీత దగ్గర మడత పైకి లేవాలి, నీలం గీత దగ్గర లోపలికి దిగాలి. ఏది ముందో ఎవరూ చెప్పరు.

నేనేమో పుట్టింటి కిరాణా దుకాణంలో పెరిగినదాన్ని. పసుపు పొట్లం కట్టినట్టు ఒక్కో మడతా గోటితో గట్టిగా నొక్కాకే రెండోదానికి పోయేదాన్ని. ప్రతిసారీ కాగితం చిరిగేది.

"ఏంది పిల్లా, చింపేదానికేనా కాగితాలు కొనేది?" అని మా అత్త నవ్వేది.

ఇంతలో మా పాప బడిలో ప్రదర్శన వచ్చింది. "మా అమ్మ చేస్తాది" అని టీచరుకు చెప్పేసింది పాప. అందరి ముందు కూర్చుని మడిచాను. మొదటి పువ్వు వచ్చింది. రెండోది మడవగానే మొదటిది విడిపోయింది.

"అట్ల నలిపితే ఏమొస్తాది?" అన్నారెవరో వెనక నుంచి. పాప తల దించుకుంది.

నాకు రోషం వచ్చింది. మడతలన్నీ విప్పేశాను. ఈసారి దేన్నీ నొక్కకుండా, అన్ని గీతలనూ సగం సగమే లేపి, పది వేళ్లతో చుట్టూ పట్టుకుని మెల్లగా లోపలికి నెట్టాను. కాగితం గిర్రున తిరిగి ముడుచుకుంది. పూలన్నీ ఒక్కసారే విచ్చుకున్నాయి!

"అమ్మా, వచ్చినాయి!" అని పాప వేసిన కేక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ కాగితం ఇప్పుడు మా అత్తగారి దుకాణంలో అద్దాల పెట్టెలో ఉంది. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, మా అత్త గొంతు లేస్తుంది: "చెయ్యి పెట్టబాకండి, మా కోడలు మడిచింది!"