కృష్ణమ్మ బావిలో బుధవారం

నాచారంలో కృష్ణమ్మ అంటే ఈత. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చెరువు పక్క దిగుడుబావిని కౌలుకు తీసుకుని, ఈత నేర్పడమే బతుకుతెరువు చేసుకున్న మనిషి. ఆదివారం మగవాళ్లకు ఆమె తమ్ముడు బాలనర్సింహ నేర్పేవాడు. బుధవారం మధ్యాహ్నం మాత్రం ఆడవాళ్లది. ఆ పూట బావి దరిదాపుల్లో మగపురుగు కనిపించకూడదు. హబ్సిగూడ క్వార్టర్ల నుంచి, రైల్వే ఇళ్ల నుంచి ఆడవాళ్లు రిక్షాలు కట్టించుకుని మరీ వచ్చేవారు.

మా అమ్మ సూర్యకళది భీమిలి. సముద్రం పక్కనే పుట్టి పెరిగి, చీర కుచ్చిళ్లు తడవనిచ్చిన మనిషి కాదు. అలాంటి ఆవిడకు కృష్ణమ్మ ఎండిన సొరకాయ బుర్రలు వీపుకు కట్టి ఒక్క వేసవిలో ఈత నేర్పేసింది. మా అమ్మ బావి మధ్యలో వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తుంటే, పరికిణీ తడుపుకుని మెట్ల మీద కూర్చున్న నేను నోరు తెరిచేశాను. ఇంట్లో ఆమె ముఖం అంత తీరిగ్గా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

అరవై ఏడులో పంచాయతీ సమితి వారికి ఈ బావి గుర్తొచ్చింది. ఎక్కడో షికారుకు వెళ్లిన పిల్లలు క్వారీ గుంటలో మునిగిపోయారట. డబ్బు తీసుకుని జనాన్ని నీళ్లలోకి దించేవాళ్లంతా అధికారి కళ్లముందు ఈత పరీక్ష ఇచ్చి అనుమతి పొందాలని, లేకపోతే ముళ్లకంచె వేస్తామని డప్పు కొట్టించారు. రూలు తప్పని నేననను. కానీ అధికారి మగవాడు. ఆయన ముందు తడిబట్టలతో కృష్ణమ్మ ఎలా దిగుతుందన్న ఆలోచన ఆ రూలు రాసిన మహానుభావులకు రాలేదు. వాళ్లెప్పుడైనా చీర కట్టి ఈదితే కదా!

బాలనర్సింహ పరీక్ష ఇచ్చి నెగ్గాడు. ఆదివారం నిలిచింది. బుధవారం పోయేలా ఉంది. కృష్ణమ్మకు వారం రోజులు అన్నం సయించలేదు.

అధికారి అచ్యుతరావు కోస్తా నుంచి వచ్చిన మెత్తటి మనిషి. "చూడకుండా సంతకం ఎలా పెట్టనమ్మా?" అన్నాడు, బావి గట్టు మీద నిలబడి కృష్ణమ్మతో.

"అటు మొకం పెట్టి నిలవడు సారు. నేను అడుగుదాక పోయి మట్టి దెస్త. గా మట్టి నల్లగుంటది, మస్తు సల్లగుంటది. ఒడ్డు మీద యాడ దొర్కది."

అడుగు తాకామని చూపడానికి పిడికెడు మట్టి తేవడం వాళ్ల ఇళ్లలో వాడుక. అచ్యుతరావు గొడుగు వేసుకుని తుమ్మచెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

కృష్ణమ్మ చీర గోచీ బిగించి, నీళ్లు కళ్లకద్దుకుని మునిగింది. చప్పుడే లేదు. అలలు గోడలను తాకి ఆగిపోయాయి. ఆమెతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను. అయిపోయింది. మళ్లీ బిగబట్టాను. మళ్లీ అయిపోయింది. ఆమె రాలేదు. అంత లోతులో, అంత చీకట్లో, మనిషన్నది అలా ఉండగలదా? మెట్ల మీద నా పక్కన కూర్చున్న మా అమ్మ లేచి నిలబడి, "కృష్ణమ్మా" అంది. మళ్లీ పిలిచింది, గట్టిగా.

ఆ గొంతు విని అచ్యుతరావు వెనక్కి తిరిగాడు. గొడుగు విసిరేసి, బూట్లతోనే మెట్లు దిగాడు. నీళ్లు ఛాతీదాకా వచ్చినా ఆగలేదు.

అప్పుడు ఆయన ఎదురుగానే కృష్ణమ్మ మెడవరకూ తేలింది. పిడికిలి నిండా నల్లటి మట్టి. ఆయన మాట తప్పి చూసినందుకు తలదించుకున్నాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"సారూ, నీకు ఈత వస్తదా?"

"రాదమ్మా."

"రాకున్నా దిగినవ్."

ఆయన చాచిన అరచేతిలో మట్టి పెట్టి, మెల్లగా అంది. "సంతకం ఆగనీ సారు. ముందుగాల ఐతారం మా తమ్ముని తాన్కి వచ్చి ఈత నేర్సుకో. గిట్ల ఉరికేటోళ్లే మునుగుతరు."

బుధవారం పోతుందని వారమంతా కుమిలిన మనిషి అన్న మాట అది. అచ్యుతరావు ఒడ్డెక్కి తడిచేత్తోనే సంతకం పెట్టాడు. ఆదివారం పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.