ఆవిరి పైపు మీద మూడు దెబ్బలు

మా చిన్నప్పుడు... సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక చలికాలం మా ఇంటి గోడలు మోగాయి. టంగ్... టంగ్‌టంగ్... గోడ లోపల ఎవరో సుత్తి పట్టుకుని కూర్చున్నట్టు ఉండేది.

ఎడారిలో చలేమిటని నవ్వకండి. జనవరిలో బకెట్ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. మేముండేది ఆసుపత్రి స్టాఫ్ క్వార్టర్స్‌లో... ఎప్పుడో ఏదో విదేశీ కంపెనీ కట్టిన పాత బిల్డింగు. ఆసుపత్రి బాయిలర్ నుంచి ఆవిరి పైపుల్లో వచ్చి గదుల్లోని ఇనప హీటర్లని వెచ్చబెట్టేది. ఆ బాయిలర్ నడిపేది మా నాన్నే. అమ్మ అక్కడే నర్సు.

మా కింద వాటాలో సుగుణ పిన్ని ఉండేది. చుట్టం కాదు... నర్సాపురం వైపు మనిషి, అమ్మతో పాటు నర్సు. బాబాయి అల్ ఖర్జ్‌లో పాల ఫారం బండి తోలుతూ నెలకోసారి వచ్చేవారు.

ఇళ్ళల్లో ఫోన్లు లేవు. అందుకే గల్ఫ్ యుద్ధం రోజుల్లో అమ్మా పిన్నీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. రెండు వంటగదుల్లోంచీ వెళ్ళేది ఒకటే పైపు. దాని మీద అట్లకాడతో రెండు దెబ్బలు కొడితే టీ పెట్టాను రమ్మని... మూడు కొడితే ఉన్నపళంగా రమ్మని. సైరన్ మోగగానే పిన్ని మూడు కొట్టేది. మేం గబగబా మెట్లు దిగి వాళ్ళింటికి పోయేవాళ్ళం. కిటికీలకి టేపులు అంటించిన ఆ గదిలో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పిన్ని ప్రార్థన చేసేది. నాకు భయం వేయకుండా మధ్యలో చక్కిలిగింతలు కూడా పెట్టేది.

యుద్ధం అయిపోయింది. మరుసటి చలికాలానికి పైపుని గోడకి పట్టి ఉంచే క్లాంపు ఎక్కడో ఊడిపోయింది. అప్పుడు మొదలైంది ఆ మోత. నాకు తొమ్మిదేళ్ళు. టంగ్ మంటే చాలు, చెప్పులు కూడా లేకుండా కిందికి పరిగెత్తేదాన్ని. పిన్నికి అప్పుడు ఏడో నెల. పొట్ట పట్టుకుని నవ్వేది.

"మళ్ళీ వచ్చేసేవా? నేను కొట్టలేదే పిచ్చి మొహమా!" అని చేతిలో ఒక బిస్కెట్ పెట్టి పంపేది.

అలా నాలుగుసార్లు అయింది. బిల్డింగులో పిల్లలంతా నన్ను పిరికిదాన్ని చేసి ఆడుకున్నారు. చివరికి నాన్న నన్ను పైపు దగ్గర కూర్చోబెట్టి చెప్పారు.

"పైపు వంగిపోయి నీళ్ళు నిలబడిపోతన్నాయే బుజ్జీ. ఆవిరొచ్చి వాటిని గుద్దుతుంది, అంతే. ఇంక పరిగెత్తమాకు. వినపడనట్టు నీ పని నువ్వు చేసుకో."

"నువ్వు బాగుచెయ్యొచ్చుగా నాన్నా?"

"పేపరు మీద సంతకం కావాలే. అడిగిన ప్రతిసారీ మా ముదీర్, అదే మా మేనేజరు, బుక్రా, ఇన్షా అల్లా అంటాడు. అంటే రేపు. ఆ రేపు ఎప్పుడొస్తుందో!"

ఒక గురువారం, అక్కడ వారాంతపు సెలవు, బడి లేదు. అమ్మా నాన్నా డ్యూటీకి వెళ్ళారు. నేను నేల మీద బోర్లా పడుకుని రంగులేస్తున్నాను. టంగ్, టంగ్, టంగ్ అని వినిపించింది. కాసేపు ఆగి, మళ్ళీ మూడు. ఆవిరి ఎప్పుడూ అలా లెక్కగా కొట్టదు... అది నాకు తెలుసు. తెలిసి కూడా లేవలేదు. ఐదోసారి వెళ్తే మళ్ళీ నవ్వుతారని సిగ్గు. వినపడనట్టు నా పని నేను చేసుకున్నాను.

ఇంకోసారి మూడు వినిపించాయి... బాగా మెల్లగా. తర్వాత ఆగిపోయింది.

మధ్యాహ్నం అమ్మ వచ్చేసరికి పిన్ని వంటగదిలో రక్తంలో పడి ఉంది. ఆసుపత్రి మా గేటుకి ఎదురుగానే. నేను నాన్న దగ్గరికి పరిగెత్తి చెప్పి ఉంటే ఐదు నిమిషాలు పట్టేది. పిన్ని బతికింది. బాబు బతకలేదు.

ఆ సాయంత్రమే నాన్న ఏ సంతకం కోసమూ ఆగలేదు. క్లాంపు బిగించి, హీటరు కాళ్ళ కింద చెక్కముక్క పెట్టి వాలు సరిచేశారు. "గంట పనే ఇది... గంట పనే..." అంటూ పానా చేత్తో పట్టుకుని అక్కడే కూలబడిపోయారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చప్పుడు లేదు.

పిన్ని ఇంటికొచ్చాక ఒకరోజు నాకు జడ వేస్తూ మెల్లగా అడిగింది.

"ఆ రోజు నీకేమన్నా వినపడిందా అమ్మా?"

"లేదు పిన్నీ" అన్నాను.

"నాదే తప్పు. చేతిలో సత్తువ లేక గట్టిగా కొట్టలేకపోయేను" అంటూ జడ అల్లింది.

రెండు నెలలకి ఎగ్జిట్ వీసా కొట్టించుకుని నర్సాపురం వెళ్ళిపోయింది. మళ్ళీ పిల్లలు పుట్టలేదు. పెద్దయ్యాక ఒక పెళ్ళిలో చూశాను. నా గెడ్డం పట్టుకుని మురిసిపోయి, పక్కావిడకి ఆ కథంతా చెప్పింది. "ఇంకొంచెం గట్టిగా కొట్టుంటే ఈ పిల్లకి వినపడేదండి, నా బాబు బతికేవోడు" అంది. నేను పక్కనే ఉన్నాను. తర్వాత ఫోన్ చేసి చెబుదామనుకున్నాను... రేపు, రేపు అంటూ ఏళ్ళు గడిపేశాను.

పిన్ని పోయిన సంవత్సరం చనిపోయింది. తప్పు తనదేననుకుంటూనే పోయింది.

ఇప్పుడు గోడలు మోగవు, ఎవరూ అట్లకాడతో పిలవక్కర్లేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఇలాంటి పోస్టుల కింద మీ జ్ఞాపకాలు కూడా రాయమని అడగడం మామూలే. నేను అడగను. చిన్నప్పుడు మీరు ఎవరికైనా ఇలాంటి అబద్ధం చెప్పి ఉంటే, ఆ మనిషి ఇంకా ఉంటే... నాకు కామెంటు పెట్టకండి. ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేయండి.