రెండో వరసలోంచి వచ్చిన మాట

మా నాటక సమాజం గురించి ఎక్కడ సభ జరిగినా ఒక కథ చెబుతారు. ప్రేక్షకుల మధ్య ఒక పాత్రను మామూలు మనిషిలా కూర్చోబెట్టి, నాటకం చివర్లో అక్కణ్ణుంచే మాట్లాడించే ప్రయోగం గోదావరి జిల్లాల్లో మొదట చేసింది మేమేనని, హాలంతా ఉలిక్కిపడిందని, మమ్మల్ని చూసే మిగతావాళ్లు నేర్చుకున్నారని. చెప్పేవాళ్లు భుజం మీద శాలువా సర్దుకుని మరీ చెబుతారు. వినేవాళ్లు చప్పట్లు కొడతారు. అలాంటి సభల్లో నేనూ కూర్చున్నాను. ఆ కథ మొదలయ్యేసరికి తల వంచుకుని చేతిసంచీలో లేని వస్తువేదో వెతుక్కుంటూ ఉంటాను.

అది ప్రయోగం కాదు. అక్కడ కూర్చున్నది పాత్ర కాదు, మా అమ్మ. ఆవిణ్ణి ఎవరూ కూర్చోబెట్టలేదు. ఆవిడ నోరు విప్పుతుందని మాలో ఎవరికీ తెలియదు. బహుశా ఆవిడకూ తెలియదు.

రాజమండ్రిలో మా నాన్నగారికి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. కొట్టు మీద గోడౌను. పెళ్లిళ్ల సీజను అయిపోతే అది సగం ఖాళీ అయ్యేది. ఆ సగంలో మా అన్నయ్యా, అతని స్నేహితులూ నాటకాలు తయారుచేసేవాళ్లు. డెబ్బైల చివరి సంవత్సరాలవి. హార్మోనియం వద్దన్నారు, పద్యం వద్దన్నారు, రంగు రంగుల తెరలు వద్దన్నారు. ఒక కుర్చీ, ఒక బల్బు, బోలెడు కోపం, అదీ మా సరంజామా. గొంతు పెంచితే వెనకాల పేర్చిన బిందెలు గుయ్యిమనేవి. ఎక్కడ గుయ్యిమంటే అక్కడ డైలాగు బాగా పేలిందని మా వాళ్ల లెక్క.

దేవుడి మీద రాశారు, కులం మీద రాశారు, స్త్రీ స్వేచ్ఛ మీద మరీ ఎక్కువ రాశారు. కానీ ఒక్కడు కూడా తన భార్యనో చెల్లెల్నో స్టేజీ ఎక్కించలేదు. ఆడవేషానికి కాకినాడ నుంచి ఒకావిడ వచ్చేది, వేషం వేసి బస్సెక్కి వెళ్లిపోయేది. ఎం.ఏ. పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని, టీ గ్లాసులు పైకి తీసుకెళ్లడం నా పని. ఒకరోజు గ్లాసులు కింద పెట్టి అడిగాను.

"మీ నాటకంలో ఆడది గడప దాటుతుంది. మీ ఇళ్లల్లో ఆడవాళ్లు ఈ మేడమెట్లెక్కి రిహార్సలైనా చూడరేంటండీ?"

భర్త వేషాలు వేసే బ్యాంకు గుమాస్తాగారు మీసం దువ్వుకుంటూ, "అయితే మీరే వేసెయ్యండి. ఎవరొద్దన్నారు?" అన్నారు.

"వేస్తాను. తర్వాత వద్దనకండి."

నాన్నగారు వద్దంటారని అందరూ అనుకున్నారు. ఆయన కొట్లో కూర్చుని ఒక్కటే అడిగారు: "పెద్ద బల్బు వేస్తున్నారంట, కరెంటు బిల్లు ఎవడు కడతాడు?" అలా నేను నటినయ్యాను.

అన్నయ్య నాకోసం కొత్త నాటకం రాశాడు. మొదటి పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. వర్తకుడి ఇల్లు. ఒక ఆడమనిషి ఏ గొడవా లేకుండా ఒక ఉదయం ఇల్లు వదిలి వెళుతుంది. కొన్నాళ్లకు తనంత తనే తిరిగి వస్తుంది. ఎక్కడికి వెళ్లిందని ఇంట్లో ఎవరూ అడగరు.

నా ఎనిమిదో ఏట మా ఇంట్లో జరిగింది అదే. అమ్మ కనిపించలేదు. ఆత్రేయపురంలో పెద్దమ్మ ఇంటికి వెళ్లిందని నాన్నమ్మ వీధిలో అందరికీ చెప్పింది. నమ్మకం కలగడానికి ఎక్కడి నుంచో పూతరేకులు తెప్పించి పంచింది కూడా. నిజానికి అమ్మ వెళ్లింది కొవ్వూరు, చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి. గోదావరికి అటు ఒడ్డు. రైలెక్కితే వంతెన దాటడమే ప్రయాణం. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసని నాకు చాలా తర్వాత తెలిసింది. ఒకరోజు మేం బడి నుంచి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. అంతే. ఆ విషయం మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాన్నగారు కూడా ఎత్తలేదనే అన్నయ్యదీ నాదీ నమ్మకం.

"ఇది అమ్మ కదా," అన్నాను అన్నయ్యతో.

"ఇది ఆడవాళ్ల కథ. అమ్మ పేరెక్కడుందో చూపించు."

"పేరు లేకపోతే మొహం ఉండదా?"

"నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసే? వాళ్లు నాటకాలకి రారు."

చివరి రంగం గురించి ఇంకా గట్టిగా పోట్లాడాను. తిరిగొచ్చిన భార్యను భర్త అడుగుతాడు: "మరి ఎందుకు తిరిగొచ్చావ్?" దానికి నేను చెప్పాల్సింది: "పిల్లల కోసం వచ్చాను. ఇక ఈ ఇంట్లో భార్యగా కాదు, మనిషిగా ఉంటాను." ఆ మాట అన్నప్పుడల్లా బిందెలు భలే గుయ్యిమనేవి. నాకు మాత్రం ఆ మాట అన్నంలో రాయిలా పంటికి తగిలేది. అమ్మ అలా మాట్లాడదన్నాను. "ఏం మాట్లాడిందో నువ్వు విన్నావా?" అన్నాడు అన్నయ్య. వినలేదు. అతనూ వినలేదు. అసలు ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరైనా అడిగారో లేదో కూడా మాకు తెలియదు.

అప్పుడు మా వాళ్లు ఇంకో గొప్ప సంస్కరణ చేశారు. పక్కతెర చాటున కూర్చుని మర్చిపోయినవాళ్లకు మాట అందించే ప్రాంప్టర్‌ను తీసేశారు. పాత నాటకాల జబ్బు అది, నటుడన్నవాడు కాళ్లూ చేతులూ కట్టేసి గోదాట్లో పడేసినట్టు స్టేజీ మీద ఉండాలి అని అన్నయ్య సిద్ధాంతం. ప్రాంప్టింగు చేసే ముసలాయన, "మీ ఇష్టం నాయనా, టార్చిలైటు మాత్రం నాదండి," అని దాన్ని పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక హాలు. అద్దె లేకుండా దొరికేది వర్తకుల కల్యాణ మండపం ఒక్కటే. ఆ మండపం ఊరికే తీసుకుంటే ముందు వరసలు కొట్లవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు వదిలిపెట్టడం ఆనవాయితీ. ఆ పిలుపు ప్రతి కొట్టుకీ వెళ్లాలి. అన్నయ్య మెయిన్ రోడ్డులో కొట్టుకొట్టుకీ తిరిగి చేతులు జోడించి పిలిచాడు. పిలిచిన కొట్లలో మా కొట్టు కూడా ఉందని, పిలుపు అందాక వెళ్లకపోతే తోటి వర్తకుల ముందు మర్యాదగా ఉండదని నాన్నగారు అనుకుంటారని, అంత చదువుకున్న అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆ సాయంత్రం తెరకున్న కన్నంలోంచి హాల్లోకి చూశాను. ప్రతి తెరకూ అలాంటి కన్నం ఒకటి ఉంటుంది, వేషం వేసుకున్నవాళ్లు జనం వచ్చారో లేదో చూసుకోవడానికి. ఇస్త్రీ చొక్కాలో నాన్నగారు. పక్కన కంచిపట్టు చీరలో అమ్మ. రెండో వరస. అమ్మ విసనకర్రతో ముందు నాన్నగారికి, తర్వాత తనకు విసురుకుంటోంది.

అన్నయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. అతని మొహం పౌడరు రాసుకున్న నాకంటే తెల్లబడింది.

"చివరి రంగం తీసెయ్," అన్నాను.

"తీసేస్తే ఇంకేముంది నాటకంలో?"

"అమ్మ ఉంది అక్కడ."

గుమాస్తాగారు మధ్యలో దూరారు. "ఏంటండీ ఇప్పుడీ గొడవ? నేను మీసం అంటించేసుకున్నానండి. ఇది పీకితే పెదవి ఊడొస్తది."

అన్నయ్య తెర కన్నం వదిలి పక్కకొచ్చి, "వాళ్లకి అర్థం కాదులే," అన్నాడు. గంట కొట్టేశారు.

మొదటి రంగాలు ఎలా చేశానో నాకు గుర్తులేదు. లైట్లు కళ్లల్లో పడుతుంటే స్టేజీ మీదున్న మనిషికి హాలు నల్లటి గొయ్యిలా ఉంటుంది, ఒక్క మొహమూ కనబడదు. కనబడకపోయినా ఆ రెండో వరస ఎక్కడుందో నా ఒంటికి తెలుస్తూనే ఉంది. అమ్మ నడిచినట్టే నడుస్తున్నాను. కొంగు దోపుకోవడం కూడా అమ్మదే. నేను కావాలని తెచ్చుకున్నది కాదు, ఒంట్లోనే ఉంది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. కన్నతల్లి ఎదురుగా ఆవిడ చీర విప్పి కట్టుకున్నట్టు అనిపించింది.

చివరి రంగం వచ్చింది. గుమాస్తాగారు చక్కగా అడిగారు: "మరి ఎందుకు తిరిగొచ్చావ్?"

నోరు తెరిచాను. మాట లేదు. పిల్లల కోసం అన్న మొదటి ముక్క కూడా లేదు. పక్కతెర వైపు చూశాను. అక్కడ ముసలాయనా లేడు, టార్చిలైటూ లేదు. అన్నయ్య ఒక్కడే పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గుమాస్తాగారు నన్ను గిల్లుదామన్నట్టు దగ్గరికొచ్చి మళ్లీ అడిగారు: "చెప్పు. ఎందుకొచ్చావ్?"

హాల్లో ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. అప్పుడు చీకట్లోంచి వినబడింది. అరుపు కాదు. వంటింట్లోంచి వసారాలోకి మాట్లాడేటప్పటి గొంతు.

"మీరు వెతుక్కుంటూ వస్తారేమోనని చూసేను. రాలేదు. అందుకని నేనే వచ్చేసేను."

నేను ఆ వైపు తిరిగాను. నల్లటి గొయ్యి. గుమాస్తాగారు నోరు తెరిచి, నాలాగే అటు చూస్తూ ఉండిపోయారు. ఎంతకీ ఎవరూ కదలకపోయేసరికి నాటకం అయిపోయిందనుకుని తెర లాగేవాడు తెర దించేశాడు.

ఆ తర్వాత చప్పట్లు. ఎన్నడూ లేనంత చప్పట్లు. వెనక వరసలవాళ్లకు ఆ గొంతు ఎవరిదో తెలియదు. కొత్త రకం నాటకాలవాళ్లు కదా, ఇదీ కొత్త రకమే అనుకున్నారు. తెర వెనక మా వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "ఏదైతేనేం, అదిరిందండి," అన్నారు గుమాస్తాగారు. నాకు మాత్రం ముందు వచ్చింది కోపం, అమ్మ మీద. ఊరందరిలో పరువు తీసిందని. ఎవరి పరువు ఎవరు తీశారన్నది ఆలోచించడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలాగే వడ్డించింది. నాన్నగారు ఎప్పటిలాగే తిన్నారు. "మండపంలో ఫ్యాన్లు బాగు చేయించాలి," అన్నారు.

మర్నాడు కొట్లో బిందెల మూట కడుతూ, తలెత్తకుండా అడిగారు. "ఆ చివర మాట... అది నాటకంలోదేనా?"

అన్నయ్యా, నేనూ పక్కపక్కనే ఉన్నాం. నేను నోరు తెరిచేలోగా అన్నయ్య అన్నాడు: "అవున్నాన్నగారూ. కొత్త పద్ధతి. అమ్మకి ముందే చెప్పి ఉంచాం."

నాన్నగారు తాడు ముడి వేసి, మూట పక్కకు నెట్టి, "అలాగా," అన్నారు. ఆ కథ పుట్టింది అక్కడ. ఇప్పుడు సభల్లో శాలువాలు కప్పుకుని తిరిగేది అదే. అన్నయ్య నాన్నగారిని కాపాడాడో, తనను తాను కాపాడుకున్నాడో నేను అడగలేదు. అడిగితే రెండోది కాదంటాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పాలకొల్లులో ఆడమని పిలుపొస్తే, ఆ మాట లేకుండా నాటకం లేదన్నారు. సమాజం అంతా మా ఇంటికొచ్చి వరండాలో కూర్చుంది. మా నాటకాల్లో ఆడవాళ్ల మనసుల్ని నిలువునా చీల్చి చూపించే మేధావులు. గుమాస్తాగారు చేతులు కట్టుకుని, "పిన్నిగారూ, మీరొచ్చి ఆ ఒక్క ముక్కా అనేస్తే చాలండి. కారు పెడతాం. ముందు రెండుసార్లు రిహార్సల్ చేసుకుందాం," అన్నారు.

అమ్మ కాఫీ గ్లాసులు అందరికీ ఇచ్చింది.

"దానికి రిహార్సల్ ఎందుకు నాయనా," అంది. "పదిహేనేళ్లు చేసేను."

వాళ్లు నవ్వారు. హాస్యమనుకున్నారు. అన్నయ్య కూడా నవ్వాడు. నాకు ఆ వరండాలో నిలబడ్డ చోటే కూరుకుపోవాలనిపించింది. అమ్మ పాలకొల్లు వెళ్లలేదు. కాకినాడ ఆవిణ్ణి హాల్లో కూర్చోబెట్టి ఆ మాట అనిపించారట. నా వేషం వేరేవాళ్లకిచ్చారు, నేనే మానేశాను. ఆ తర్వాత చాలా ఊళ్లలో ఆడారు. ప్రతి ఊళ్లోనూ మా అమ్మ మాటకు చప్పట్లు పడ్డాయి.

నాన్నగారు లేరు, అమ్మ లేదు. ఆవిడ ఉండగా అడగాలని చాలాసార్లు పక్కన కూర్చున్నాను. అందరితో వాదించే నోరు అక్కడ పెగిలేది కాదు. మాట మర్చిపోయిన కూతురికి బళ్లో పద్యం అందించినట్టు అందించిందా? లేక ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఎవరో ఒకరు, అంటించిన మీసంతోనైనా సరే, అడిగారని జవాబు చెప్పిందా? అది అమ్మకే తెలుసు, నేనిక తెలుసుకోలేను.

కానీ తెలుసుకోగలిగింది ఇంకోటి ఉంది. ఆ మండపంలో మూడో వరసలోనో నాలుగో వరసలోనో కూర్చున్న మెయిన్ రోడ్డు కుటుంబాల వాళ్లు కొందరైనా ఇంకా ఉండే ఉంటారు. ఇది చదువుతున్న మీలో అలాంటివాళ్లుంటే, మా అమ్మానాన్నల తలలు వెనకనుంచి మీకు కనబడి ఉంటాయి. లైట్లు కళ్లల్లో పడి నేను చూడలేకపోయింది మీరు చూసి ఉంటారు. కొత్త పద్ధతి అన్న మా అబద్ధాన్ని నాన్నగారు నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో దాన్నిబట్టే తేలుతుంది; అప్పుడు అమ్మ మొహం చూసిన మనిషి అది నాటకమనుకోలేడు. అందుకే అడుగుతున్నాను. అమ్మ ఆ మాట అన్నప్పుడు, మా నాన్నగారు ఆవిడ వైపు తిరిగి చూశారాండీ?