కోపం పాట

ఉప్పెన వచ్చిన వారం లోపే మమ్మల్ని పంపారు. అది 1977. మా రైలు పొద్దున్నే విజయవాడ స్టేషన్‌లో ఆగింది. నేను అప్పుడు సైన్యంలో, వైర్‌లెస్ పని చూసే సిగ్నల్స్‌లో నాయక్‌ని. మా ఇల్లు వన్ టౌన్‌లో, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. వెళ్ళడానికి అనుమతి లేదు. ప్లాట్‌ఫారం మీదే టీ తాగాం. వైర్‌లెస్ సెట్లు, బ్యాటరీలు, వాటిని ఛార్జి చేసే ఇంజను, సున్నం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, ఒక రబ్బరు పడవ లారీల్లోకి ఎక్కించాం. ఎనిమిదింటికి బయలుదేరాం.

ఉయ్యూరు దాకా రోడ్డు ఫరవాలేదు. చెరుకంతా ఒకవైపుకే పడుకుని ఉంది. ఇంకా కిందికి, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ తాడిచెట్లకు తలలు లేవు. ఆ తర్వాత వాసన మొదలైంది. మా డ్రైవర్ తమిళుడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని అడిగాడు.

"ఏంటన్నా ఇది? పశువులా?"

"పశువులు కూడా" అన్నాను.

మా మకాం ఒక కాలువ గట్టు. పక్కన బడి. దాని పైకప్పు మిగిలింది, గోడలు పోయాయి. బతికినవాళ్ళంతా ఆ గట్టు మీదే ఉన్నారు. గట్టుకు దక్షిణాన, ముందు చేలు ఉన్నచోట, మట్టిరంగు ఉప్పునీళ్ళు. వాటి అవతల, మైలు లోపు దూరంలో, ఒక ఇసుక దిబ్బ. ఎండ బాగా కాసేది. గాలి పగలంతా ఉత్తరాన్నుంచి, మా వీపు మీద నుంచి సముద్రం వైపు వీచేది.

ఉత్తర్వులు మూడు. శవాలు తీసి సున్నం చల్లి పూడ్చడం, బియ్యం పంచడం, వైర్‌లెస్ ఆగకుండా చూడటం. మూడోది నా పని. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, మా అధికారి సుబేదార్ సాబ్‌కు జనం మాట, జనానికి ఆయన మాట చెప్పడం కూడా నా పనే అయింది. ఆయన పంజాబీ. మంచివాడే, కానీ నోరు కటువు.

పొద్దున తొమ్మిదింటికి హెడ్‌క్వార్టర్‌తో మాట్లాడేవాణ్ణి.

"ఎన్ని?" అని అడిగేవాడు అవతలి ఆపరేటర్.

మొదటి రెండు రోజులు అంకె చెప్పాను. తర్వాత సుబేదార్ సాబ్ ఏం చెప్పమన్నాడో అదే చెప్పాను. "లెక్క మానేశాం. సున్నం పంపండి."

నీళ్ళ అవతల చిక్కుకున్నవాళ్ళను పిలవడానికి ఉయ్యూరు నుంచి ఒక మైకుసెట్టు ఆయన్ని తెచ్చారు. పెళ్ళిళ్ళకు, తిరనాళ్ళకు పాటలు వేసే మనిషి. రెండు హారన్లు, ఒక గ్రామఫోను, రెండు పెట్టెల నిండా పాటల ప్లేట్లు. మా బ్యాటరీలతో నడిపాం. తప్పిపోయిన వాళ్ళ పేర్లు గంటసేపు చదివాను. దిబ్బ నుంచి ఎలాగో ఇటు చేరిన ఒకతను చెప్పాడు, దిబ్బ దగ్గర మాట ముద్దముద్దగా వినిపిస్తుందనీ, పేరు ఎవరిదో తెలియదనీ. పాట మాత్రం గుర్తుపట్టొచ్చట.

"అయితే పాటలే పెడదామండీ" అన్నాడు మైకుసెట్టు ఆయన. "ఎవరింటి పాట వాళ్ళకి తెలుస్తుంది."

సుబేదార్ సాబ్ ఒప్పుకున్నాడు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా. ఏడుపు పాటలు వద్దన్నాడు.

"ఎవరి మనసెలా ఉంటే ఆ పాట అడుగుతారండీ. మనం వద్దంటే ఎట్లా?"

ఆ మాట హిందీలో చెప్పాను. సుబేదార్ సాబ్ చెయ్యి ఊపాడు. "ఏదో ఒకటి ఏడవమను."

జనం వరస కట్టారు. తల్లినీ రెండు జతల ఎడ్లనూ పోగొట్టుకున్న రైతు ఒకాయన తాగుబోతు పాట అడిగాడు. వెనక నిలబడ్డవాడు ఊరుకోలేదు.

"అమ్మ పోయి పది రోజులు కాలేదు. తాగుబోతు పాటేంటి బాబాయ్?"

"ఏడుపు నా దగ్గర బోలెడుంది లేరా. మళ్ళీ ప్లేటు కూడా ఎందుకు?"

తాగుబోతు పాట హారన్లలో మోగుతుంటే, మావాళ్ళు తుమ్మ కంపలోంచి శవాలను కొక్కేలతో లాగుతున్నారు. తలలు ఊపుతూ వింటున్నవాళ్ళు అటు చూడలేదు. అవి తమవాళ్ళవి కావచ్చని అందరికీ తెలుసు.

ఆరయింది. పాట సగంలో ఉంది. సుబేదార్ సాబ్ గడియారం చూసి ఆపమన్నాడు. మైకుసెట్టు ఆయన గ్రామఫోను ముల్లు మీద చెయ్యి వేయలేదు.

"పూర్తి కానివ్వండి. మా వైపు పాట మధ్యలో ఆపితే ఎవరో పోయారని లెక్క. పెళ్ళిలోనైనా సరే, ఊళ్ళో ప్రాణం పోయిందంటే అక్కడికక్కడ ముల్లెత్తేస్తాం."

నేను చెప్పగానే సుబేదార్ సాబ్ నవ్వాడు. "ఇక్కడ ఇంకా పోవడానికి ఎవరున్నారు?"

ఆ మాట నేను తెలుగులో చెప్పలేదు. పాట పూర్తయింది.

మూడో సాయంత్రం సువార్తమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కూలి పని చేసే మనిషి. తుపాను రోజు ఉదయం ఆమె భర్త దావీదు కామందు గేదెల్ని తోలుకురావడానికి దిబ్బ వైపు వెళ్ళాడు. వెళ్ళొద్దని ఈమె గొడవపడింది. వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆమె తాడిచెట్టు పట్టుకుని బతికింది.

"ఏ పాటమ్మా? చర్చి పాటా?" అని అడిగాడు మైకుసెట్టు ఆయన.

"దేవుడితో తర్వాత మాట్లాడతాను. ఇప్పుడు నాకు కోపంగా ఉందండీ. కోపం పాట పెట్టండి. పెళ్ళాం మొగుణ్ణి తిడతది చూడండి, అది."

వరసలో నవ్వులు. "వదినా, దొరికితే కొడతావా ఏంటి?"

"దొరకనీ. చెప్పుతో కొడతా."

క్రిస్మస్‌కి మైకు పెట్టినప్పుడల్లా దావీదు ఆ పాటే అడిగి వేయించేవాడట, ఈమెను ఉడికించడానికి. వింటే తన పెళ్ళామేనని తెలిసిపోతుందని ఆమె నమ్మకం. బతికుందనీ, కోపంగా ఉందనీ.

ఆ రోజు దిబ్బ మీద ఏ కదలికా లేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది.

"కోపం తగ్గలేదా అమ్మా?"

"ఇంకా పెరిగిందండీ."

పావుతక్కువ అయిదుకు ఆ ప్లేటు పెట్టారు. కాసేపటికి డ్రైవర్ నా భుజం తట్టాడు. దిబ్బ మీద ఒక మనిషి. బైనాక్యులర్ తీసి చూశాను. తువ్వాలు ఊపుతున్నాడు.

సువార్తమ్మ నా చొక్కా పట్టుకుంది. "ఏ చెయ్యి? ఏ చెయ్యి ఊపుతున్నాడు?"

"ఎడం చెయ్యి."

"ఆయనే. కుడి భుజం పైకి లేవదాయనకి." బైనాక్యులర్ లాక్కుంది. దాన్ని ఎలా చూడాలో తెలియక తిరగేసి కళ్ళకు పెట్టుకుంది. సరిచేసి ఇచ్చాను. చూసింది. "ఎముకల గూడయ్యాడు, వెధవ" అంది. అని ఏడ్చింది. గట్టు మీద అందరూ లేచి నిలబడ్డారు. పాట అయిపోయినప్పుడల్లా మైకుసెట్టు ఆయన మళ్ళీ మొదటి నుంచి పెడుతూనే ఉన్నాడు.

దావీదు నీళ్ళలోకి దిగాడు. నడుం లోతు. కుడిచేతిలో కర్ర, దాంతో ముందు నేల పొడిచి చూసుకుంటున్నాడు. ఎడంచేతిలో తువ్వాలు, దాన్ని దించకుండా ఎత్తి పట్టుకున్నాడు. పాట ఎటు ఉందో అటే, తిన్నగా వస్తున్నాడు.

మధ్యలో డ్రైను ఉంది. చేల నీటిని సముద్రంలోకి తీసుకుపోయే పెద్ద మురుగు కాలువ. రెండు నిలువుల లోతు. గట్లు కొట్టుకుపోయి, పైన అంతా ఒకటే నీటి పలకలా కనిపిస్తోంది. దావీదు ఆ ఊరివాడే, కానీ గుర్తుకు చెట్టూ గుడిసే ఏదీ మిగల్లేదు. తూర్పుగా చుట్టు తిరిగి లాకుల మీదుగా వస్తే దారి ఉంది. రబ్బరు పడవ శవాల పని మీద పడమటికి పోయింది. వెనక్కి రమ్మని వైర్‌లెస్‌లో పిలిచాను. అరగంట పడుతుందన్నారు.

"డ్రైను! డ్రైనులోకి వస్తున్నాడు!" అని గట్టు మీద ఒకరు అరిచారు. తర్వాత అందరూ అరిచారు. గాలి మా వైపు నుంచే ఉంది, కానీ అన్ని గొంతులూ కలిసి ఉట్టి రొద అయ్యాయి. అతను తువ్వాలు ఇంకా జోరుగా ఊపాడు. సంతోషంతో అరుస్తున్నామనుకున్నాడు.

సువార్తమ్మ మైకుసెట్టు ఆయన మీదికి పరుగెత్తింది.

"పాట ఆపండయ్యా! పాట వినే వస్తున్నాడు! ఆపితే ఆగుతాడు!"

"బంద్ కరో!" అన్నాడు సుబేదార్ సాబ్. నేనూ ఆపమన్నాను. మైకు అందుకోవాలని నా తొందర.

మైకుసెట్టు ఆయన ముల్లెత్తాడు.

నేను మైకులో చెప్పాను. "దావీదూ, అక్కడే ఆగు. ముందు డ్రైను ఉంది. లాకుల మీదుగా రా." మూడుసార్లు చెప్పాను.

అతను ఆగాడు. నిజంగానే ఆగాడు. సువార్తమ్మ చేతులు జోడించింది.

అప్పుడు నా వెనక మైకుసెట్టు ఆయన గొంతు వినిపించింది. ముల్లు పట్టుకున్న చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. "అయ్యయ్యో... మధ్యలో ఆపాం."

సువార్తమ్మ ఆయన వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. నాకు ఒక్క క్షణం తర్వాత అర్థమైంది, నా మాట దావీదుకు ముద్దముద్దగానే చేరి ఉంటుందనీ, తెలిసింది పాట ఆగడం ఒక్కటేననీ.

"పెట్టండి! మళ్ళీ పెట్టండి!"

ముల్లు ప్లేటు మీద పడేలోపు దావీదు కర్ర పారేశాడు. నీళ్ళలో పరుగు మొదలుపెట్టాడు. కర్ర ఉంటే డ్రైను అంచు కర్రకు తగిలేది. పాట మళ్ళీ మొదలైంది, పెళ్ళాం మళ్ళీ తిట్టింది. కానీ అప్పటికి అతను కనిపించడం లేదు. మైకుసెట్టు ఆయన మళ్ళీ ముల్లెత్తేశాడు.

పడవ వచ్చింది. కొక్కెం వేశారు. చీకటి పడకముందే దొరికాడు.

పొద్దున తొమ్మిదింటికి అవతలి ఆపరేటర్ అడిగాడు. "ఎన్ని?"

"ఒకటి. మగ."

"పాతదా, కొత్తదా?"

"కొత్తది."

"సరే. సున్నం ఇంకా కావాలా?"

"పంపండి."

ఆ సాయంత్రం నాలుగున్నరకు మైకుసెట్టు ఆయన పెట్టెలు తెరవలేదు. అయినా జనం వరస కట్టారు. వాళ్ళకూ నీళ్ళ అవతల మనుషులున్నారు. వరసలో ముందు సువార్తమ్మ.

"నిన్నటిది సగం మిగిలిందండీ. ఆపినచోటి నుంచి పెట్టండి."

"నా వల్ల కాదమ్మా."

"ఆపమన్నది నేను. పెట్టమంటోందీ నేనే. మీదేం పోయింది?"

ఆయన ప్లేటు తీశాడు. ముల్లు ఎక్కడ ఎత్తాడో వెతుక్కుని అక్కడే దించాడు. ఆమె నిలబడే విన్నది. పాట అయిపోయాక బియ్యం వరసలోకి వెళ్ళి నిలబడింది. ఆమె వెనకున్నతను ముందుకొచ్చి తన పాట చెప్పాడు. ఆ రోజు నుంచి ఎవరి పాటనూ మేం మధ్యలో ఆపలేదు.

మా పని జనవరిలో ముగిసింది. లారీలో వెనక్కి వస్తుంటే ఉయ్యూరు దగ్గర నరికిన చెరుకు బండ్లు ఎదురయ్యాయి. విజయవాడలో రెండు గంటలు సమయమిచ్చారు. ఇంటికి వెళ్ళాను. మా వీధిలో పెళ్ళి, మైకులో పాట. పాట పూర్తయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అమ్మ లోపలికి రమ్మంటూనే ఉంది.

ఆ పనిలో చాలా శవాలను చూశాను. వాటి ముఖాలు మరిచిపోయాను. దావీదు శవం కూడా గుర్తులేదు. నాకు మిగిలింది దానికి ముందుది. పాట ఆగింది. దూరంగా నడుం లోతు నీళ్ళలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎడం చెయ్యి పైకే ఉంది, తువ్వాలు గాలికి ఆడుతోంది. తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. ఇంకా కర్ర పారేయలేదు.