మందు కాదండీ, కషాయం

ఈ ఉదయం పక్క వాటాలో ఎవరో మిరియాలు, పిప్పళ్లు వేయించి దంచుతున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతుకు తగలగానే రెండు తుమ్ములు, వాటి వెనకే డాక్టర్ గ్రేసమ్మగారు గుర్తుకొచ్చారు. కాఫీ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను.

డెబ్బైల్లో డాక్టరీ చదువు ముగించి గవర్నర్‌పేటలో ఆవిడ దగ్గర చేరాను. లాడ్జీల వీధిలో మేడ మీద నాలుగు గదుల ఆస్పత్రి. పొట్టి మనిషి, తెల్ల చీర, గొంతు పెంచడం ఎరగరు. నన్ను మామూలుగా 'అబ్బాయ్' అనేవారు; 'డాక్టరుగారూ' అన్నారంటే నా పని అయిపోయిందన్నమాట. ఆవిడ అలవాటొకటి నాకు మహా విసుగు. ఏం మందులు వాడుతున్నారని అడిగి ఊరుకునేవారు కాదు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారో వరసగా చెప్పించుకునేవారు. వేపపుల్ల, చద్దన్నం, వక్కపలుకు, అన్నీ. బయట బెంచీలు కిక్కిరిసి ఉంటే ఈ పురాణం దేనికని లోలోపల గొణుక్కునేవాణ్ణి.

వీరయ్య ఉయ్యూరు వైపు నుంచి వచ్చే నేతగాడు. మూర్ఛకు మాత్రలు వేసుకుంటూ, రెండేళ్లుగా ఒక్కసారీ పడకుండా మగ్గం నేసుకుంటున్నాడు. ఒక చలికాలం తూలుకుంటూ వచ్చాడు. మాట ముద్దముద్దగా ఉంది, కళ్లు నిలవడం లేదు. ఆ రోజు గ్రేసమ్మగారు ఊళ్లో లేరు. తాగి వచ్చాడనుకుని బెంచీల మీది జనం ముందే నాలుగు మాటలన్నాను. అతను తల వంచుకున్నాడు. దగ్గరికెళితే వాసన లేదు. అప్పుడు మాత్రలు ఎక్కువవుతున్నాయని తోచి సగానికి తగ్గించాను. వారంలో తూలడం పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరక్కుండానే అతన్ని రిక్షాలో తీసుకొచ్చారు. మగ్గం దగ్గరే మూర్ఛ వచ్చి, కాళ్లు పెట్టుకునే గుంట అంచుకు కొట్టుకుని నుదురు చీరుకుపోయింది. కుట్లు నేనే వేశాను. ఇంకాస్త కిందికి తగిలితే కన్ను పోయేది.

గ్రేసమ్మగారు అతని భార్య సుబ్బులును పక్కన కూర్చోబెట్టుకుని పురాణం మొదలుపెట్టారు. అడుగుతూ అడుగుతూ, అతను తూలిన రోజుల దగ్గరికి వెళ్లారు.

"అప్పుడు మందులేం ఇయ్యలేదండీ. దగ్గుతున్నాడని రెండు పూటలా శొంఠి, మిరియాలు, పిప్పళ్ల కషాయం పోశాను. దగ్గు తగ్గాక మానేశాను. అది మందు కాదు గదండీ."

గ్రేసమ్మగారు నా వైపు తిరిగారు. "డాక్టరుగారూ, ఈ సంగతి మీరు అడిగారా?"

అడగలేదన్నాను. కషాయం తాగినన్నాళ్లూ మాత్ర ఒంట్లోంచి తొందరగా పోకుండా నిలిచిపోయి ఉంటుందని, కషాయం ఆగాక నేనిచ్చిన సగం చాలక పడ్డాడని ఆవిడ అనుమానం. పౌరుషం చావక, అది ఏ పుస్తకంలో ఉందని అడిగాను.

"పుస్తకం రాసినాయన సుబ్బులుగారింట్లో కషాయం తాగలేదు గదా అబ్బాయ్. నాకూ తెలీదు. తెలీదు కాబట్టే అడుగుతా."

మాత్రలు పాత మోతాదుకు వచ్చాయి. కుట్లు విప్పించుకోవడానికి వీరయ్య వచ్చిన రోజు, తాగావన్న మాట ఎక్కడ అన్నానో అక్కడే వెనక్కి తీసుకోమని ఆవిడ నన్ను బెంచీల దగ్గరికి పంపారు. సిగ్గుతో చచ్చిపోతూ క్షమించమన్నాను.

"పర్లేదండీ. మా వీధిలోనూ అందరూ అదే అన్నారు. మీరు అనరని వచ్చాను" అన్నాడు.

పిప్పళ్లలోని ఘాటు కాలేయంలో మందులను విరిచే ఎంజైములకు అడ్డుపడుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ మాట చెబుదామంటే అప్పటికి గ్రేసమ్మగారు లేరు. చెప్పినా, వీరయ్య నుదుటి మీద నేను వేసిన కుట్ల మచ్చ ఎక్కడికి పోతుంది?

చల్లారిన కాఫీ పారబోసి, పక్క వాటా తలుపు తట్టాను. కషాయం ఎవరికమ్మా అని అడిగితే, మామగారికని చెప్పింది తలుపు తీసిన అమ్మాయి. ఆయన మందులేమైనా వాడుతున్నారా అన్నాను.

"మాత్రలు వేరే ఉన్నాయండీ. ఇది మందు కాదుగా."

లోపలికి వెళ్లి పెద్దాయన ఎదురుగా కూర్చున్నాను. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమన్నాను.