మంచు కోసే రంపం

ఉత్తర సముద్రం ఒడ్డున మేముండే ఊరి రేవులో, ఒకప్పుడు ధ్రువాల దాకా వెళ్లొచ్చిన పాత చెక్క ఓడ ఒకటి ఉంది. ఇప్పుడది మ్యూజియం. దాని గుమ్మం దగ్గర టికెట్లు చూసేది నేను. విశాఖలో చాలా ఏళ్లు నేవీలో చేసి, మా ఆవిడ ఉద్యోగం వెంట జర్మనీ వచ్చిపడ్డాక దొరికిన పని ఇది. నిలబడి నిలబడి సాయంత్రానికి కాళ్లు నావి కావనిపిస్తుంది. ఓడా కదలదు, నేనూ కదలను.

లోపల గోడల నిండా కెప్టెన్ల ఫొటోలే. డెక్కు మీద పేరుకున్న మంచు గీకినవాడు, బొగ్గు మోసినవాడు, తడి కంబళిలో కాసేపు కునుకు తీసి మళ్లీ డ్యూటీకి లేచినవాడు ఎక్కడా లేరు. సొమ్మొకడిది, సోకొకడిది. తాళ్లు లాగి చేతులు కాయలు కాచినవాణ్ని కాబట్టి ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అందుకే గైడ్ పోస్టు ఖాళీ అయిందనగానే అడిగాను. ఆ నావికుల కథ నేనే చెప్పాలి, ఈ గుమ్మం కాపలా తప్పాలి. ఒక గుంపుకు జర్మన్‌లో ఓడ చూపించి మెప్పిస్తే పోస్టు నీదే అన్నారు మేనేజరు.

నాకు జర్మన్ నేర్పే భారం మా అమ్మాయి మీద పడింది. నాలుగో తరగతి. మనం తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే రకం. చిక్కంతా మంచు దగ్గరే వచ్చింది. ఆకాశం నుంచి రాలితే ష్నే, గడ్డ కడితే ఐస్, పొగలా కమ్మితే నేబెల్. నాకు మూడూ మంచే. పుస్తకాల్లో పొగమంచు అని రాస్తారు గానీ, తెల్లారి విశాఖ రేవు మీద కమ్మేదాన్ని మేం ఉత్త మంచనే అనేవాళ్లం.

“అన్నీ కలిపి ముద్ద చేసేస్తారేమో, జాగ్రత్తండీ,” అంది మా ఆవిడ.

ఓడ చూపించాల్సిన రోజు అమ్మాయి కూడా వచ్చి గుంపులో ముందు నిలబడింది. మొదట బాగానే నడిచింది. ఓడ మంచులో ఇరుక్కుపోయిన ఘట్టం వచ్చింది. నావికులు కిందికి దిగి, పొడుగాటి రంపాలతో ఐస్ కోసి ఓడకు దారి చేశారని చెప్పాలి. నేబెల్‌ను కోశారన్నాను. ఎలా కోశారో చేతులతో చూపించాను కూడా.

అందరూ నవ్వారు. ఎందుకో అర్థం కాక, ఇంకా గట్టిగా మళ్లీ అదే అన్నాను. అమ్మాయి నవ్వలేదు, తల దించుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఏదో పొరపాటు జరిగిందని. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

పోస్టు నాకు రాలేదు. భాష ఇంకాస్త కుదిరాక చూద్దామని మేనేజరు మర్యాదగానే చెప్పారు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఇక ఎప్పటికీ ఆ గుమ్మమే నాకు గతి అనిపించింది.

బస్సు కోసం రేవు గట్టు మీద నిలబడ్డాం. సముద్రం మీంచి తెల్లగా కమ్ముకొస్తోంది. చూస్తుండగానే ఓడ సగం కనబడకుండా పోయింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అడక్కుండానే తెలుగులో అంది.

“నాన్నా, మంచు. రంపం తెచ్చావా?”